కోచ్ పోయాడు, క్వార్టర్‌బ్యాక్ పోయాడు, పెద్దిల్లు మిగిలింది: మిషిగన్ 2024 సీజన్

నోవై_నాన్న
14 ఆగస్టు 2024, ఉదయం 6:40

మన మిషిగన్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఫ్రెస్నో స్టేట్‌తో మొదటి ఆట ఇంకా పదిహేడు రోజులే. ఏటా ఈ చర్చ నేనే మొదలుపెడతాను కాబట్టి ఈసారీ నా చేతులే కాలనివ్వండి.

సోమవారం ఏపీ ర్యాంకులు వచ్చాయి. కొత్తవాళ్ళకు ముందే చెబుతున్నాను, ఏపీ అంటే మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్. గత ఏడాది ఒకాయన "ఆంధ్రప్రదేశ్ వాళ్ళు మనకు ర్యాంకులు ఇవ్వడం ఏమిటి" అని నిజంగానే అడిగాడు. మనకు తొమ్మిదో స్థానం. జనవరి 8న హ్యూస్టన్‌లో వాషింగ్టన్‌ను 34-13తో ఓడించి, ఆడిన పదిహేను ఆటలూ గెలిచి, జాతీయ చాంపియన్లమైన మనం ఏడు నెలలకే తొమ్మిదో స్థానానికి వచ్చాం. నాకు కోపం రావాలి. రావడం లేదు, అదే భయంగా ఉంది.

ఎవరు మిగిలారో చూడండి. హెడ్ కోచ్ జిమ్ హార్బా లాస్ ఏంజెలెస్ చార్జర్స్ అనే వృత్తి జట్టుకు పోయాడు. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జేజే మెకార్తీని మినెసోటా వైకింగ్స్ పదో ఎంపికలో తీసుకుపోయింది. ఒక్క సీజన్లో బంతితో పరుగెత్తి 27 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం) చేసిన బ్లేక్ కోరమ్ కూడా పోయాడు. వృత్తి జట్లు కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకునే ఏప్రిల్ డ్రాఫ్టులో మొత్తం 13 మంది పోయారు.

ఇక వచ్చేవాళ్ళు ఎవరంటే, సెప్టెంబర్ 7న నాలుగో ర్యాంకు టెక్సస్, 21న యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా), నవంబర్ 2న మూడో ర్యాంకు ఆరెగాన్. ముగ్గురూ మన పెద్దిల్లుకే, అంటే యాన్ ఆర్బర్‌లోని మన స్టేడియానికే వస్తున్నారు. నవంబర్ 30న మాత్రం రెండో ర్యాంకు ఒహాయో స్టేట్ దగ్గరకు మనమే వెళ్ళాలి. ఈ ఏడాది నుంచి మనం ఆడే లీగ్ బిగ్ టెన్‌లో పద్దెనిమిది జట్లు. పేరు మాత్రం ఇంకా బిగ్ టెన్ అనే. మన పిల్లల లెక్కల మార్కుల గురించి బాధపడే దేశం కాదిది.

నా అంచనా తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు. మీ అంచనా రాయండి. తర్వాత దిద్దుకోవడం కుదరదు.

కొలంబస్_కోడలు
14 ఆగస్టు 2024, ఉదయం 8:15

నాన్నగారూ, "పోయాడు, పోయాడు" అని శీర్షికలోనే రాశారు. ఉదయం కాఫీ తాగుతూ చూసి ఉలిక్కిపడ్డాను. హార్బా నిక్షేపంగా ఉన్నాడు. "వెళ్ళాడు" అనండి.

నేను ఎవరి పక్షమో పాతవాళ్ళకు తెలుసు. కొలంబస్‌లోని ఒహాయో స్టేట్‌లో చదివాను, అక్కడే కాపురం. వరుసగా మూడేళ్ళు మా మీద గెలిచారు, 42-27, 45-23, 30-24. నా అంచనా ఆరు గెలుపులు, ఆరు ఓటములు. ఆరో ఓటమి తేదీ మీరే రాసిపెట్టారు, నవంబర్ 30.

అడ్డుగోడ
14 ఆగస్టు 2024, మధ్యాహ్నం 12:05

హార్బా వెళ్ళినందుకు అందరూ ఏడుస్తున్నారు కానీ అసలు గండి ఎక్కడ పడిందో చూడటం లేదు. హ్యూస్టన్‌లో ఆడిన అఫెన్సివ్ లైన్‌లో ఐదుగురూ లేరు. ఒక్కడంటే ఒక్కడు కూడా మిగలలేదు.

కొత్తవాళ్ళ కోసం: బంతి పట్టుకుని పరుగెత్తేవాడి పేరు పత్రికల్లో వస్తుంది. వాడి ముందు ఐదుగురు నిలబడి ఎదుటివాళ్ళను తోస్తారు. అందలం ఎక్కినవాడినే ఊరు చూస్తుంది, బోయీలను ఎవరు చూస్తారు? మిషిగన్ బోయీలు 2021లోనూ 2022లోనూ దేశంలో అత్యుత్తమ లైన్‌కు ఇచ్చే జో మూర్ పురస్కారం గెలిచారు. వాళ్ళకు అప్పుడు శిక్షణ ఇచ్చినవాడే ఇప్పటి హెడ్ కోచ్ షెరోన్ మూర్. పురస్కారం పేరూ ఈయన ఇంటిపేరూ ఒకటే అయినా చుట్టరికం లేదు.

మూర్ కొత్తవాడు కాడు. గత ఏడాది హార్బా సస్పెన్షన్లో ఉన్నప్పుడు నాలుగు ఆటలకు జట్టును నడిపాడు, నాలుగూ గెలిచాడు. పెన్ స్టేట్ మీద వరుసగా 32 సార్లు పరుగే పెట్టించాడు, బంతి విసిరే పాస్ ఒక్కటీ లేదు. గెలిచాక కెమెరా ముందు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ రోజే నాకు నచ్చాడు.

మిగతా సిబ్బంది సంగతి. ఎదుటివాళ్ళను ఆపే దళం డిఫెన్స్‌ను చూసిన జెస్సీ మింటర్, దేహదారుఢ్యం చూసిన బెన్ హెర్బర్ట్ ఇద్దరూ హార్బా వెంట వెళ్ళారు. హెర్బర్ట్ లోటు మింటర్ లోటు కంటే పెద్దదని నా నమ్మకం, ఎవరైనా వాదించండి. డిఫెన్స్‌కు వింక్ మార్టిన్‌డేల్ వచ్చాడు. బాల్టిమోర్ రేవెన్స్‌లో నాలుగేళ్ళు, న్యూయార్క్ జెయింట్స్‌లో రెండేళ్ళు అదే పని చేసినవాడు. మింటర్, అతని ముందున్న మైక్ మెక్‌డొనాల్డ్ కూడా బాల్టిమోర్ బడి నుంచి వచ్చినవాళ్ళే. కాబట్టి పాఠ్యపుస్తకం మారలేదు, మాస్టారు మారాడు. ఈ మాస్టారికి బెత్తం ఎక్కువ, బంతి కదిలిన ప్రతి రెండోసారీ ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదపడి దాడి చేయమంటాడు.

బంతితో ముందుకెళ్ళే దళం అఫెన్స్‌కు కర్క్ క్యాంప్‌బెల్. నిరుటి దాకా క్వార్టర్‌బ్యాక్‌లను చూసేవాడు. లైన్‌కు గ్రాంట్ న్యూసమ్, ఇక్కడే లైన్‌మన్‌గా ఆడుతూ 2016లో మోకాలి గాయంతో ఆట మానుకోవలసి వచ్చినవాడు. కుర్రాళ్ళకు చెప్పగలిగేది అతని దగ్గర చాలా ఉంటుంది.

కోడలు గారికి ఒక కానుక: పరుగు వీరులకు శిక్షణ ఇచ్చే టోనీ ఆల్ఫర్డ్ మార్చిలో మీ ఊరి నుంచే మా ఊరికి వచ్చాడు. తొమ్మిదేళ్ళు మీ ఉప్పు తిన్నాడు.

కొలంబస్_కోడలు
14 ఆగస్టు 2024, మధ్యాహ్నం 12:31

ఉప్పు తిన్న సంగతి వాడికి గుర్తున్నా లేకపోయినా, మా రహస్యాలన్నీ మోసుకొచ్చాడని మీ ఆశ. మీకు రహస్యాలు ఇలా తలుపు తట్టి వస్తాయా, ఇంతకుముందులా టికెట్టు కొనుక్కుని వెళ్ళి తెచ్చుకోవాలా?

నోవై_నాన్న
14 ఆగస్టు 2024, మధ్యాహ్నం 12:40

వచ్చేసింది. ఎదుటి జట్ల ఆటలకు టికెట్లు కొని మనుషులను పంపి వాళ్ళ కోచ్‌ల సైగలు దొంగిలించామన్న ఆరోపణ ఇంకా ఎత్తలేదేమా అనుకుంటున్నాను.

అడ్డుగోడ
14 ఆగస్టు 2024, మధ్యాహ్నం 1:10

దాని మీద విచారణ ఇంకా నడుస్తోంది, తేలేదాకా నేను మాట్లాడను. కానీ ఈ ఏడాది నుంచి కోచ్ మాట హెల్మెట్‌లోని రేడియోలో నేరుగా ఆటగాడికి వినిపిస్తుంది. అఫెన్స్‌లో ఒకడికి, డిఫెన్స్‌లో ఒకడికి. ప్రతిసారీ బంతి కదపడానికి ఇచ్చే గడువులో పదిహేను సెకన్లు మిగిలేసరికి రేడియో దానంతట అదే ఆగిపోతుంది. ఇక గట్టు మీద బొమ్మల అట్టలు ఎత్తి చూపించే పని తగ్గుతుంది.

కొలంబస్_కోడలు
14 ఆగస్టు 2024, మధ్యాహ్నం 1:14

దొంగలు పడ్డాక తాళం కొన్నారు. సంతోషం.

కొత్త_విద్యార్థి
15 ఆగస్టు 2024, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఎంఎస్ చదవడానికి నాలుగు రోజుల క్రితం యాన్ ఆర్బర్ వచ్చాను. మాది తణుకు. గదిలో ఉండే సీనియర్ "విద్యార్థుల సీజన్ టికెట్ కొను, లేకపోతే తర్వాత ఏడుస్తావు" అంటున్నాడు. నాకు ఈ ఆట ఓనమాలు తెలియవు. చేత్తో పట్టుకుని పరుగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారో అడగకూడదని కూడా వాడే చెప్పాడు, అందుకని అడగడం లేదు.

నా సందేహం వేరే. సాయంత్రం నడుచుకుంటూ స్టేడియం వరకు వెళ్ళాను. లక్షమందికి పైగా పడతారని విన్నాను. బయట నుంచి చూస్తే ఏదో పెద్ద ఇటుకల ఆఫీసులా ఉంది. ఈడెన్ గార్డెన్స్‌లోనే లక్షమంది పట్టడం లేదు, ఇందులో ఎలా పడతారు?

పాతకాపు_88
15 ఆగస్టు 2024, రాత్రి 11:20

బాబూ, నువ్వు చూసింది బావి గట్టు. బావి లోపల ఉంది.

మొదటి ఆట రోజున గేటు దాటి నాలుగు అడుగులు వేశాక నీకే తెలుస్తుంది. మెట్లెక్కకుండానే నువ్వు స్టేడియం పైఅంచున నిలబడి ఉంటావు, వరుసలన్నీ నీ కాళ్ళ కిందుగా దిగిపోతుంటాయి, అట్టడుగున పచ్చని చాప పరిచినట్టు మైదానం ఉంటుంది. నేను 1988 సెప్టెంబర్ 17న మొదటిసారి అలా నిలబడ్డాను. మయామీతో ఆట. ఐదున్నర నిమిషాలు కూడా మిగలలేదు, మనం 30-14తో ముందున్నాం. పక్కనున్న అమెరికన్ ముసలాయన నాకు వేరుశనక్కాయలు పెట్టి "ఇక ఇంటికి పోవచ్చు" అన్నాడు. 31-30తో ఓడిపోయాం. ఆయన వేరుశనక్కాయల పొట్లం నా చేతిలోనే వదిలేసి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజే ఈ జబ్బు నాకు అంటుకుంది.

గొయ్యి కథ చెబుతాను, ఓపిక ఉంటే చదువు. ఇక్కడ మొదట 1893లో రీజెంట్స్ ఫీల్డ్, తర్వాత 1906 నుంచి ఫెర్రీ ఫీల్డ్ ఉండేవి. 1901లో కోచ్‌గా వచ్చిన ఫీల్డింగ్ యోస్ట్ తర్వాత క్రీడా విభాగానికే పెద్ద అయ్యాడు. అప్పటికే ఒహాయో స్టేట్, ఇల్లినాయ్ పెద్దపెద్ద స్టేడియాలు కట్టేసుకున్నాయి. యోస్ట్ యేల్ విశ్వవిద్యాలయంలోని గుంత స్టేడియం చూసి, మనకూ అలాంటిదే కావాలన్నాడు. అడిగినంత పెద్దది కట్టడానికి పాలకమండలి ఒప్పుకోలేదు. 72 వేలకు ఒప్పుకుంది. సరేనన్నాడు. అని, పునాదులు మాత్రం ఎప్పటికైనా లక్ష దాటి పెంచుకోవడానికి వీలుగా వేయించాడు. మన ఊళ్ళలో ఒక అంతస్తు కట్టి పైన ఇనుప చువ్వలు వదిలేస్తారు చూశావా, అదే ఆలోచన. మన చువ్వలు తుప్పు పడతాయి, ఆయనవి పనికొచ్చాయి.

డబ్బు ప్రభుత్వం ఇవ్వలేదు. ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున మూడు వేల బాండ్లు అమ్మారు. బాండు కొన్నవారికి మంచి చోట టికెట్టు కొనుక్కునే హక్కు. ఖర్చు తొమ్మిదిన్నర లక్షల డాలర్లు. నేల ఊటనేల, తవ్వేకొద్దీ నీళ్ళు. ఒక క్రేన్ ఆ బురదలో దిగబడి ఇప్పటికీ మైదానం కిందే ఉందని కథ. నేను నమ్మను, కానీ చెప్పకుండా ఉండలేను.

1927 అక్టోబర్ 1న తెరిచారు. ఒహాయో వెస్లియన్ మీద 33-0. వాన, జనం పలచన. మూడు వారాల తర్వాత అక్టోబర్ 22న అధికారికంగా ప్రారంభోత్సవం. అప్పటికి చెక్క బెంచీలు కూడా కలిపి 84,401 సీట్లు. ఎదుటి జట్టు ఎవరో కోడలు గారు చెబుతారు.

కొలంబస్_కోడలు
16 ఆగస్టు 2024, ఉదయం 5:55

ఇవాళ వరలక్ష్మీ వ్రతం. నోటికి మంచి మాటలే రావాలి. 21-0. ఓడింది మేమే. అన్నట్టు 1922లో మా స్టేడియం ప్రారంభోత్సవానికి వచ్చి 19-0తో గెలిచి వెళ్ళింది కూడా మీరే. గృహప్రవేశానికి పిలిస్తే పాలు పొంగిన గిన్నె ఎత్తుకుపోయే రకం.

పాతకాపు_88
16 ఆగస్టు 2024, ఉదయం 7:30

అమ్మా, మాకూ అయింది. 1924 అక్టోబర్ 18న ఇల్లినాయ్ వాళ్ళ స్టేడియం ప్రారంభోత్సవానికి వెళ్ళాం. రెడ్ గ్రేంజ్ అనే కుర్రాడు మొదటి పన్నెండు నిమిషాల్లోనే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. 39-14. ఈ ఏడాది అక్టోబర్ 19న మళ్ళీ అదే స్టేడియానికి వెళ్తున్నాం, సరిగ్గా నూరేళ్ళ ఒక రోజుకు. వాళ్ళు ఊరుకుంటారా, శతజయంతి చేస్తారు. ఈ పట్టికలో అందరూ టెక్సస్, ఆరెగాన్ చూస్తున్నారు. నాకు భయం ఆ రోజే.

కుర్రవాడికి మిగతా కథ పొట్టిగా. 1949లో చెక్క బెంచీల చోట ఉక్కువి పెట్టి 97,239కి పెంచారు. 1956లో 1,01,001. ఆ చివరి ఒక్క సీటు ఫ్రిట్జ్ క్రైస్లర్‌ది. ఆయన 1938లో కోచ్‌గా వచ్చి హెల్మెట్ మీద ఆ రెక్కల బొమ్మ వేయించినవాడు. సీటు ఎక్కడుందో ఎవరూ చెప్పరు. అప్పటి నుంచి ఎన్ని మార్పులు చేసినా అంకె చివర ఒకటి ఉంచుతూ వస్తున్నారు, ఇప్పుడు 1,07,601. అత్యధికంగా 2013 సెప్టెంబర్ 7న నోటర్ డేమ్ ఆటకు 1,15,109 మంది వచ్చారు. 2020 జనాభా లెక్కల్లో యాన్ ఆర్బర్ మొత్తం జనాభా లక్షా ఇరవై నాలుగు వేల లోపు. అంటే ఊరు ఊరంతా వెళ్ళి కూర్చున్నట్టే.

మెయిన్‌స్ట్రీట్_వాసి
16 ఆగస్టు 2024, మధ్యాహ్నం 2:15

ఊరు ఊరంతా వెళ్ళి కూర్చోదు పాతకాపు గారూ, ఊరు కాని ఊళ్ళవాళ్ళంతా వచ్చి మా గుమ్మాల ముందు కూర్చుంటారు. స్టేడియానికి పది నిమిషాల నడక దూరంలో నా ఇల్లు. ఆటంటే నాకు ఇష్టమూ లేదు, ద్వేషమూ లేదు. ఏటా ఏడెనిమిది శనివారాలు మా వీధంతా ఇళ్ళ ముందు గడ్డిలో కార్లు పెట్టించి డబ్బు వసూలు చేస్తుంది. మొదటి ఏడాది నేను మొహమాటపడి ఊరికే పెట్టుకోనిచ్చాను. రెండో ఏడాది మా అబ్బాయి అట్టముక్క మీద ధర రాసి నిలబడ్డాడు. వాడి పియానో పాఠాల డబ్బు అలా వచ్చింది.

చరిత్ర చెబుతున్నారు కాబట్టి అందచందాల చరిత్ర కూడా చెప్పండి. 1998లో ఆ గుంత చుట్టూ పైఅంచున పసుపుపచ్చ పట్టీ తొడిగి, దాని మీద విశ్వవిద్యాలయం పాటలోని మాటలు పెద్ద అక్షరాలతో రాయించారు. గీయించింది సామాన్యుణ్ణి కాదు, పేరున్న వాస్తుశిల్పి రాబర్ట్ వెంచురీ చేత. పెళ్ళిపందిరికి కట్టే తోరణంలా ఉందని పాత అభిమానులు గగ్గోలు పెడితే 2000లో పీకేశారు. తర్వాత 2010 నాటికి 22 కోట్ల 60 లక్షల డాలర్లతో రెండు వైపులా ఇటుక కట్టడాలు లేపి అద్దాల గదులు పెట్టారు. కొత్త అబ్బాయి చూసిన "ఆఫీసు" అదే. అంతకుముందు పక్కనుంచి పోయేవాడికి స్టేడియం ఉన్నట్టే తెలిసేది కాదు. ఈ ఏడాది ఇంకో ముచ్చట, మొదటిసారి లోపల బీరు అమ్ముతారట. ఇంతకాలం ఆ పని మా గడ్డి మీదే జరిగేది.

కొత్త_విద్యార్థి
16 ఆగస్టు 2024, సాయంత్రం 6:02

టికెట్ కొన్నాను! ఒక సందేహం. అందరూ బిగ్ హౌస్ అంటున్నారు. ఈ శీర్షికలో పెద్దిల్లు అని ఉంది. తెలుగులో పెద్దిల్లు అంటే వేరే అర్థం రాదా?

అడ్డుగోడ
16 ఆగస్టు 2024, సాయంత్రం 6:10

వస్తుంది. పక్కనే బాస్కెట్‌బాల్ ఆడే క్రైస్లర్ సెంటర్ ఉంది చూడు, అది చిన్నిల్లు. నోవై నాన్నగారు చలికాలమంతా అక్కడే ఉంటారు. ఇంట్లో తెలుసు.

నోవై_నాన్న
16 ఆగస్టు 2024, సాయంత్రం 6:25

మా అమ్మాయి ఈ వేదిక చదువుతుంది. దయచేసి.

బిగ్ హౌస్ పేరును జనం నోట నానేలా చేసింది టీవీ వ్యాఖ్యాత కీత్ జాక్సన్. తెలుగు పేరు పెట్టింది నేను. తప్పుంటే నాదే.

ఆస్టిన్_ఆవకాయ
17 ఆగస్టు 2024, ఉదయం 10:00

మిషిగన్ మిత్రులకు నమస్కారం. నేను టెక్సస్ పక్షం. సెప్టెంబర్ 7న మీ ఊరు వస్తున్నాం, నలుగురం. ఆట మధ్యాహ్నం పన్నెండుకు. మా ఆవిడ క్యాలెండర్ చూసి ఇప్పుడే చెప్పింది, ఆ రోజు వినాయక చవితి. విమానం టికెట్లు కొనేశాను. పూజ సంగతి ఏమిటి? మీరేం చేస్తున్నారు?

నోవై_నాన్న
17 ఆగస్టు 2024, ఉదయం 10:20

మీరు చూసింది ఇండియా క్యాలెండర్. ఇక్కడ చవితి తిథి శుక్రవారం తెల్లవారుజామున మొదలై శనివారం ఉదయం ఎనిమిది దాటగానే అయిపోతుంది. వినాయకుడి పూజకు మధ్యాహ్నం తిథి ఉండాలి. కాబట్టి ఇక్కడ పండగ 6వ తేదీ శుక్రవారమే. పంచాంగం కూడా మిషిగన్ పక్షమే.

కొలంబస్_కోడలు
17 ఆగస్టు 2024, ఉదయం 10:33

తిథి ప్రకారం పండగ ఎప్పుడూ చేసుకోనివాళ్ళు ఈ ఏడాది గంటలతో సహా లెక్క వేశారు. గత ఏడాది ఉగాది వారాంతానికి జరిపింది ఎవరో?

ఆస్టిన్_ఆవకాయ
17 ఆగస్టు 2024, ఉదయం 10:41

బతికించారు. శుక్రవారం ఉదయమే ఇంట్లో పూజ చేసుకుని విమానం ఎక్కుతాం. ఉండ్రాళ్ళు తెస్తాను. లోపలికి తీసుకెళ్ళనిస్తారా?

మెయిన్‌స్ట్రీట్_వాసి
17 ఆగస్టు 2024, ఉదయం 11:05

సంచులు లోపలికి రానివ్వరు. కారు మా ఇంటి ముందు పెట్టుకోండి, తెలుగువాళ్ళకు ఊరికే. ఉండ్రాళ్ళు అక్కడే తిని వెళ్ళండి. ఎక్కువమంది హైస్కూలు స్థలంలోనో గోల్ఫ్ మైదానంలోనో కార్ల వెనక తలుపులు ఎత్తి పొయ్యిలు పెడతారు. పొద్దున ఏడింటి నుంచీ మాంసం కాల్చే పొగే. మన ఆవిడలు ఇద్దరు ముగ్గురు పులిహోర, మిరపకాయ బజ్జీ మొదలుపెట్టాక పక్క కార్లవాళ్ళు పళ్ళేలు పట్టుకుని వస్తున్నారు.

పాతకాపు_88
17 ఆగస్టు 2024, మధ్యాహ్నం 12:15

అవి వనభోజనాలే. నవంబర్ 2 ఆరెగాన్ ఆట రోజున కార్తీకమాసం మొదలు. ఉసిరిచెట్టు ఒక్కటే తక్కువ.

అడ్డుగోడ
18 ఆగస్టు 2024, రాత్రి 8:30

తిండి చాలు. ఆటకు రండి. క్వార్టర్‌బ్యాక్ ఎవరు? అలెక్స్ ఓర్జీ పరుగెత్తగలడు, బంతి విసరడం పెద్దగా చూడలేదు. డేవిస్ వారెన్ విసరగలడు. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి జట్టులో నిలబడినవాడు, హైస్కూల్లో ఉండగా రక్త క్యాన్సర్‌ను జయించినవాడు. జాక్ టటిల్ అనుభవజ్ఞుడు, కానీ గాయాలు. మూర్ నోరు విప్పడం లేదు. ముగ్గురు పెళ్ళికొడుకులను చూపించి ముహూర్తం నాడు చెబుతాం అన్నట్టుంది.

నా భయం చెబుతాను. డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్ ఉన్నారు, వెనక విల్ జాన్సన్ ఉన్నాడు. వాళ్ళ మీద నుంచి ఏనుగు కూడా నడవలేదు. ఇటు పరుగెత్తడానికి డొనోవన్ ఎడ్వర్డ్స్ ఉన్నాడు, హ్యూస్టన్‌లో 41, 46 గజాల టచ్‌డౌన్లు చేసినవాడు, కొత్త వీడియో గేమ్ అట్ట మీద బొమ్మ కూడా. కానీ బంతి విసిరేవాడు లేకపోతే ఎదుటివాళ్ళు పదకొండు మందీ ముందుకొచ్చి నిలబడతారు. అప్పుడు కొత్త బోయీలు ఏం చేస్తారు? ఎనిమిది గెలిస్తే కొబ్బరికాయ కొడతాను.

నోవై_నాన్న
18 ఆగస్టు 2024, రాత్రి 9:10

2020 తర్వాత సొంత గడ్డ మీద ఒక్క ఆట ఓడలేదు. అది మర్చిపోతున్నారు.

అడ్డుగోడ
18 ఆగస్టు 2024, రాత్రి 9:14

గడ్డ బంతి విసరదు. పైగా అది గడ్డి కూడా కాదు, 2003 నుంచి ప్లాస్టిక్కే.

పాతకాపు_88
18 ఆగస్టు 2024, రాత్రి 10:45

అదీ అంత సూటిగా లేదు. 1969 దాకా గడ్డి. తర్వాత కృత్రిమ చాప. నేను వచ్చినప్పుడు అదే, దాని మీద పడినవాళ్ళ మోచేతులు చూస్తే జాలివేసేది. 1991లో మళ్ళీ గడ్డి వేశారు. ఆ ఊటనేల మీద అది సరిగా నిలవలేదు, పన్నెండేళ్ళు పోరాడి వదిలేశారు. క్రేన్‌ను మింగిన నేల గడ్డిని బతకనిస్తుందా?

కోచ్ సంగతి. బో షెంబెక్లర్ 1969లో వచ్చినప్పుడు ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు. మొదటి ఏడాదే ఒహాయో స్టేట్‌ను 24-12తో కొట్టాడు. అప్పుడు వాళ్ళు మొదటి ర్యాంకు. ఆయన చివరి రెండు సీజన్లు నేను చూశాను. ఆయన మానేసినప్పుడు ఇక అయిపోయిందని మేమంతా అనుకున్నాం. గత నవంబరులో మేరీలాండ్‌లో వెయ్యో గెలుపు వచ్చింది, కాలేజీ ఫుట్‌బాల్‌లో మొదట ఆ అంకె చేరింది మనమే. ఆ రోజు గట్టు మీద నిలబడి నడిపించింది హార్బా కాదు, మూర్. నా అంచనా ఎనిమిది. అడ్డుగోడతో కలిపి కొబ్బరికాయ.

కొత్త_విద్యార్థి
8 సెప్టెంబర్ 2024, ఉదయం 1:30

ఇప్పుడే గదికి వచ్చాను. గొంతు లేదు. 31-12తో ఓడిపోయాం. మొత్తం ఆట నిలబడే చూడాలని ఎవరూ చెప్పలేదు. పూజకు కట్టుకున్న పసుపు చొక్కాతోనే వెళ్ళాను, అందరూ మెచ్చుకున్నారు. మేజ్ అంటే మొక్కజొన్న అని, ఆ రంగు ఈ జట్టుదని అప్పుడు తెలిసింది. పాతకాపు గారూ, గేటు దాటి నాలుగు అడుగులు వేసి ఆగిపోయాను. వెనకవాళ్ళు తోశారు.

ఆస్టిన్_ఆవకాయ
8 సెప్టెంబర్ 2024, ఉదయం 9:00

గెలిచినవాడు ఎక్కువ మాట్లాడకూడదు. మెయిన్‌స్ట్రీట్ అక్కయ్యకు ధన్యవాదాలు. ఉండ్రాళ్ళ గిన్నె మీ అరుగు మీద మర్చిపోయాం, అది మీదే.

అడ్డుగోడ
20 అక్టోబర్ 2024, ఉదయం 8:00

ఇల్లినాయ్ 21, మనం 7. పాతకాపు గారి నాలుక మీద మచ్చ ఉంది.

నోవై_నాన్న
30 నవంబర్ 2024, సాయంత్రం 4:20

13-10.

కొలంబస్‌లో. రెండో ర్యాంకు జట్టు మీద. ఇరవై పాయింట్ల తేడాతో ఓడతామని అందరూ రాసిన ఆట. మా వీధిలో ఎవరో టపాసులు కాలుస్తున్నారు, దీపావళికి మిగిలినవి అనుకుంటాను.

అడ్డుగోడ
30 నవంబర్ 2024, సాయంత్రం 4:45

వారెన్ మొత్తం ఆటలో విసిరి సంపాదించింది 62 గజాలు. అరవై రెండు! విసిరిన బంతి అందుకునే లవ్‌ల్యాండ్ లేడు, విల్ జాన్సన్ లేడు. అయినా చివర్లో కేలెల్ మలింగ్స్ ఒకణ్ణి విదిలించుకుని 27 గజాలు పరుగెత్తాడు, ఆ కొత్త బోయీల వెనకే. నలభై ఐదు సెకన్లు మిగిలి ఉండగా డొమినిక్ జ్వాడా 21 గజాల నుంచి బంతిని గోల్ కమ్మీల మధ్యకు తన్ని ఫీల్డ్ గోల్ చేశాడు. అటువైపు గ్రాహం, గ్రాంట్ దారి ఇవ్వలేదు. ఆట అయ్యాక జెండా పాతబోయి కొట్టుకోవడం, పోలీసులు మిరియాల మందు చల్లడం మాత్రం నాకు నచ్చలేదు. గెలిచినవాడు ఎలా ఉండాలో ఆస్టిన్ ఆవకాయ గారిని అడగాల్సింది.

ఏడు గెలుపులు, ఐదు ఓటములు. కొబ్బరికాయకు ఇంకా ఒక్కటి తక్కువ.

పాతకాపు_88
30 నవంబర్ 2024, సాయంత్రం 5:30

సీజన్ అయ్యాక ఆడే బౌల్ ఆట ఉంది. కాయ కొని ఉంచు.

కోడలు గారి జాడ లేదు. ఎవరైనా ఫోను చేశారా?

కొలంబస్_కోడలు
1 డిసెంబర్ 2024, ఉదయం 7:10

బతికే ఉన్నాను. వరుసగా నాలుగోది. మా ఆయన గరాజ్‌లో ఆకులు ఊడుస్తున్నాడు, నిన్న సాయంత్రం నుంచీ. అక్కడ ఆకులు లేవు.

మా ఉప్పు తిన్నవాడి చేతి కిందే ఆ మలింగ్స్ తయారయ్యాడు. అది చాలు, ఇంకేమీ అనకండి.

కొత్త_విద్యార్థి
1 డిసెంబర్ 2024, ఉదయం 7:25

అక్కా, వచ్చే ఏడాది ఈ ఆట యాన్ ఆర్బర్‌లో. మీకు టికెట్లు చూడమంటారా?

కొలంబస్_కోడలు
1 డిసెంబర్ 2024, ఉదయం 7:40

రెండు చూడు. ఎరుపు చొక్కాలతోనే వస్తాం, ముందే చెబుతున్నాను. మెయిన్‌స్ట్రీట్ గారూ, గడ్డి మీద చోటు తెలుగువాళ్ళందరికీ ఊరికేనా, లేక ఒహాయో నంబరు పలకకు వేరే ధరా?

మెయిన్‌స్ట్రీట్_వాసి
1 డిసెంబర్ 2024, ఉదయం 8:05

మా అబ్బాయిని అడిగాను. రెట్టింపు అంటున్నాడు. మీరు పులిహోర తెస్తే మాట్లాడి చూస్తాను.